ఎండలో తెగిన మాట

రాజక్క తన ఫోనును బల్ల మీద పెట్టింది గానీ దాని మీదినుంచి చేయి తీయలేదు.

"నీ చేతుల పెడ్తాన బిడ్డా. నా నౌకరి ఉంటదో ఊడుతదో దీంట్లనే ఉన్నది."

ఆ చేయి తనంతట తానే జరిగేదాకా వినోద ఆగింది. తర్వాత ఫోనును అందుకొని, కేబులుతో తన కంప్యూటరుకు తగిలించింది. రాజక్క తెల్లవారకముందే ఏటూరునాగారం అవతలి తన ఊరినుంచి బయలుదేరి, జీపులో కొంత దూరం, బస్సులో కొంత దూరం వచ్చింది. భోజనాల వేళ దాటాక హనుమకొండలో ఆమె మీద విచారణ ఉంది. ఆలోపల ఈ ఫోను తన తప్పును తానే చూపించాలి. చూపించకపోతే ఆ తప్పు రాజక్కదవుతుంది.

హసన్‌పర్తి రోడ్డు మీద, ఒక కాలేజీకి ఎదురుగా, జిరాక్స్ దుకాణం పైన ఉన్న రెండు గదులే వినోద పనిచేసే సంస్థ. దాని యజమాని మహిపాల్. వాళ్లు తయారుచేసినవాటిలో పేరు తెచ్చిపెట్టింది ఒక్కటే: అడవి పల్లెల్లో తిరిగే ఆరోగ్య కార్యకర్తల కోసం ఒక ట్రస్టు చేయించుకున్న యాప్. కార్యకర్త రోగి పరిస్థితిని తన గొంతుతో చెప్పి పంపుతుంది. హనుమకొండలో ఉన్న డాక్టరు తన గొంతుతోనే జవాబు పంపుతుంది. చదవనక్కరలేదు, రాయనక్కరలేదు, వింటే చాలు. ఆ వినిపించే భాగాన్ని రాసింది వినోద.

చిక్కు అక్కడే వచ్చింది. క్రితం వారం రాజక్క ఊళ్లో సమ్మమ్మ అనే కూలి మనిషి కొడుకుకు జ్వరం ముదిరింది. రాజక్క ఆ సంగతి చెప్పి పంపింది. ఆ ఊరికి సిగ్నల్ అందేది ఊరవతలి బోడగుట్ట మీదే. జవాబు వచ్చేదాకా ఆమె ఆ గుట్ట మీదే ఎండలో నిలబడింది. వచ్చిన జవాబులో "జ్వరం సిరప్ ఇవ్వండి, తడిగుడ్డతో ఒళ్లు తుడవండి" అన్నంతవరకు విన్నది. యాప్ ఉన్నట్టుండి మూసుకుపోయింది. మళ్లీ తెరిస్తే ఆ జవాబు జాబితాలో లేదు. మాట అంతటితో అయిపోయిందనుకొని, విన్నది విన్నట్టు చేసింది.

తెల్లవారేసరికి పిల్లవాడికి ఫిట్స్ వచ్చాయి. జీపులో ములుగుకు, అక్కడినుంచి వరంగల్‌కు తీసుకొచ్చారు. ప్రాణం దక్కింది, వార్డులో ఇంకా కోలుకుంటున్నాడు. డాక్టరు జవాబు మాత్రం సిరప్‌తో ముగియలేదు. డొక్కలు ఎగరేస్తుంటే ఒక్క గంట కూడా ఆగకుండా బండి మాట్లాడుకొని తీసుకురమ్మన్నది అందులోని అసలు మాట. ట్రస్టు కంప్యూటర్లో ఆ జవాబు పక్కన ఆకుపచ్చ గుర్తు ఉంది: విన్నారు. అంటే, ట్రస్టు దృష్టిలో, రాజక్క విన్నది, విని లెక్కచేయలేదు.

"ఆ ఆకుపచ్చ గుర్తు ఎప్పుడు పడుతది వినోదా?" అని రాత్రి మహిపాల్ ఫోనులో అడిగాడు. పాట మొదలైనట్టు మాట మొదలుకాగానే ఆ గుర్తు పడుతుంది. గుర్తు పడిన జవాబు, ఫోనులో చోటు మిగల్చడానికి, జాబితానుంచి తొలగిపోతుంది. అలా రాసింది ఆమే. అప్పుడది తెలివైన ఏర్పాటులా తోచింది.

ఇప్పుడు యాప్ కూలడానికి కారణం దొరకాలి.

యాప్ కూలిన ప్రతిసారీ ఫోను ఒక చిన్న నివేదిక వదిలిపెడుతుంది. రాజక్క ఫోను వదిలిన నివేదిక వినోద ఎదుట ఉంది. తనది కాని జ్ఞాపకస్థలాన్ని యాప్ తాకబోయిందనీ, అందుకని దాన్ని మూసివేశామనీ దాని సారాంశం. ఎనుమాముల మార్కెట్ యార్డులో మిర్చి బస్తాలు దించుకోవడానికి ఒక రైతుకు జాగా చూపిస్తారు. సరుకు అమ్ముడుపోయి ఆ జాగా ఖాళీ అయితే దాన్ని ఇంకొకరికి ఇస్తారు. ఆ సంగతి తెలియని హమాలీ పాత జాగానే గుర్తుపెట్టుకొని బస్తా తెచ్చి పడేస్తే ఏమవుతుందో, ఫోను లోపలా అదే అవుతుంది. తేడా ఒక్కటే: యార్డులో నాలుగు కేకలతో తేలిపోతుంది, ఫోను మాత్రం యాప్‌ను మొత్తంగా బయటికి గెంటేస్తుంది. బస్తా ఎక్కడ పడిందో నివేదిక చెబుతుంది. ఆ జాగాను ఎవరు, ఎప్పుడు, ఎందుకు ఖాళీ చేశారో చెప్పదు.

ఇలాంటి నివేదికలు కొత్త కాదు. ట్రస్టు ఫోన్లు పంచిన నాటినుంచీ కొన్ని ఫోన్లనుంచి వస్తున్నాయి. కొన్నింటినుంచి ఎన్నడూ రాలేదు. అన్నీ ఒకే కంపెనీవి, ఒకే రకానివి. వినోద తన చేతిలో ఉన్న అదే రకం ఫోనును ఎన్ని విధాల బాధపెట్టినా అది కూలలేదు. చవక ఫోన్లు, అడవిలో వేడి, తడి చేతులు అని మహిపాల్ తేల్చేశాడు. వినోద తేల్చలేదు గానీ వాయిదా వేసింది.

రోగుల గురించిన జవాబులను ట్రస్టు బయటికి ఇవ్వదు. అందుకని పరీక్ష కోసం వినోద తన గొంతుతోనే ఒక మాటల వరుస రికార్డు చేసి పెట్టుకుంది: హనుమకొండనుంచి ఏటూరునాగారం పోయే దారిలోని ఊళ్ల పేర్లు. దాన్ని రాజక్క ఫోనుకు పంపి, బల్ల మీదే ఉంచి వినిపించింది. ఆత్మకూరు, మల్లంపల్లి, ములుగు, పస్రా, తాడ్వాయి, ఏటూరునాగారం. మాట చివరిదాకా నడిచింది. మళ్లీ పంపింది. మళ్లీ నడిచింది. ఎన్నిసార్లు పంపినా ఏటూరునాగారం చేరింది.

"నీ బస్సు మంచిగనే పోతాంది గద," అన్నది రాజక్క. ఆ మాటలో ఎగతాళి కన్నా భయమే ఎక్కువ వినిపించింది. "ఏదీ, జర నా చేతికియ్యి."

కేబులు తీసి ఇచ్చింది వినోద. రోడ్డు మీద బస్సుల హారన్లు గదిలోకి వస్తున్నాయి. రాజక్క కిటికీ దగ్గరికి పోయి, ఒక రెక్క మూసి, రెండో రెక్క దగ్గర నిలబడి, ఫోనును గడ్డానికి దగ్గరగా పట్టుకొని నొక్కింది. ఆత్మకూరు అన్నది ఫోను. మల్లంపల్లి అన్నది. తర్వాత ఏమీ అనలేదు.

తెర ఖాళీ.

రాజక్క ఫోనును చాచిన చేతుల మీద పెట్టి, వేడి గిన్నెను చూపించినట్టు చూపించింది. "చూసినవా? నీ చేతుల నడుస్తది. నా చేతుల సస్తది."

అప్పుడే లోపలికి వచ్చిన మహిపాల్ ఆ చివరి మాట విన్నాడు. "ఏందక్కా, నీ చేతుల ఏమన్న మంత్రం ఉన్నదా ఏంది?" అని నవ్వబోయాడు.

"మా ఊళ్ల గదే అంటాండ్లు సార్. నా చెయ్యి మంచిది కాదట. నిన్నమొన్నటిదాక సూది ఏయించుకున్న చెయ్యే. సమ్మమ్మ తల్లి నన్ను గడప తొక్కనిస్తలేదు."

మహిపాల్ నవ్వు ఆగిపోయింది. "తమాషాకు అన్న అక్కా, ఏమనుకోకు," అని కుర్చీ లాక్కొని కూర్చున్నాడు.

వినోదకు ఆ వాదన నచ్చలేదు. కానీ ఎదుట జరిగినది నచ్చకపోవడం వల్ల జరగకుండా పోదు. చేయి కారణం కాజాలదు. చేయితోపాటు మారినది ఏదో కారణం కావచ్చు. ఏమేమి మారాయి? కేబులు ఊడింది. ఫోను బల్ల మీదినుంచి గాలిలోకి లేచింది. మనిషి వేడి తగిలింది. చోటు మారింది. వాటిని ఒక్కొక్కటిగా విడదీయాలి. ఒకటి మార్చినప్పుడు మిగిలినవి కదలకూడదు.

కేబులు లేకుండా బల్ల మీదే వినిపించింది: ఏటూరునాగారం. కుర్చీలో కూర్చొని చేత్తో పట్టుకొని వినిపించింది: ఏటూరునాగారం. అదే కుర్చీలో రాజక్కను కూర్చోబెట్టి, ఆమె చేతికే ఇచ్చింది. తాడ్వాయి. ఏటూరునాగారం.

"నీ చేతుల గూడ నడిచింది అక్కా."

"కూసుంటె నడుస్తదా? నిలబడితె నడవదా?" అన్నది రాజక్క, నమ్మకుండా.

వినోద లేచి కిటికీ దగ్గరికి పోయింది. రాజక్క నిలబడిన గచ్చు మీదే, ఆమె నిలబడినట్టే నిలబడి, ఫోనును గడ్డం దగ్గర పట్టుకొని నొక్కింది. ములుగు దాటింది, పస్రా అన్నది, కూలింది.

అన్నాళ్లుగా తన చేతిలో ఒక్కసారైనా జరగనిది జరిగింది. సంతోషించాలో భయపడాలో వినోదకు అర్థం కాలేదు. "నా చేతుల గూడ పడింది," అన్నది.

"పస్రా కాడ పడ్డదా? ఆ మూలమలుపు గసుంటిదే బిడ్డా," అని రాజక్క ఆ పొద్దున మొదటిసారి నవ్వింది.

గది మూలన నీడలో అలాగే నిలబడి వింటే మాట ఏటూరునాగారం చేరింది. కిటికీ దగ్గర మారింది ఒక్కటే: ఎండ. కానీ మాట వినిపించే యాప్‌కు ఎండతో పనేమిటి? తనకే ఎవరో వేసిన ప్రశ్నలా వినోద దాన్ని కొంతసేపు మనసులో తిప్పింది. ఫోనును చెవి దగ్గర పెట్టుకుంటే మాట స్పీకరులో ఆగి చెవి దగ్గరి చిన్న రంధ్రంనుంచి వినిపించాలి. రోగి సంగతి పదిమందికి వినపడకూడదని అలా రాసింది. చెవి దగ్గరికి వచ్చిందో లేదో చెప్పేది తెరకు పైన ఉండే ఒక చిన్న కన్ను. అది మన కంటికి కనపడని కాంతిని వదిలి, తిరిగి వచ్చినదాన్ని బట్టి దగ్గర, దూరం అని చెబుతుంది. సూర్యుడి వెలుగులోనూ ఆ కాంతి ఉంటుంది.

ఆ కన్ను చెబుతున్నదాన్ని తెర మీద అక్షరాలుగా చూపించేలా వినోద గబగబా నాలుగు వరుసలు రాసి, ఫోనులోకి ఎక్కించి, కిటికీ దగ్గర పట్టుకుంది. ఎవరి చెవీ దగ్గర లేదు. అయినా తెర మీద అక్షరాలు పిచ్చెత్తినట్టు మారుతున్నాయి: దగ్గర, దూరం, దగ్గర, దూరం, దగ్గర. రెప్ప వేసేలోపల ఎన్నిసార్లు మారుతున్నదో కంటికి అందడం లేదు. తన ఫోనును పక్కన పెట్టి చూసింది. అదే ఎండలో అది నిశ్చలంగా దూరం అనే అంటున్నది.

రెండు ఫోన్లనూ వెలుగుకు ఎదురుగా వాలుగా పట్టుకుంది. రాజక్క ఫోనులో, తెర పైభాగాన సరిగ్గా నడుమ, అతికించిన అద్దం కింద ఎండిన మరకలాంటిది గోరంత కనిపించింది.

"అక్కా, ఇదేంది?"

"బొట్టు బిడ్డా."

"ఎవరు పెట్టిండ్లు?"

రాజక్క మహిపాల్ వైపు చూసింది. "సారే గద! ఫోన్లు ఇచ్చిన నాడు అన్నిటిని వరుసగ పేర్చి, కొబ్బరికాయ కొట్టి, ఎవరి ఫోన్‌కు వాళ్లు నొసట బొట్టు పెట్టుకోండి అన్నడు. చెరిగిపోవద్దని మీదికెల్లి అద్దాలు గూడ అతికిపిచ్చె."

ఫోనుకు నొసలు ఎక్కడుంటుందని అడిగితే ఎవరైనా తెరకు పైన, నడుమ అనే చెబుతారు. కన్ను ఉన్నదీ అక్కడే. వేలు కొంచెం పక్కకు జరిగినవాళ్ల ఫోన్లు బాగున్నాయి. భక్తిగా సరిగ్గా నడుమ పెట్టినవాళ్ల ఫోన్లలో కుంకుమ కన్నును సగం కప్పి, అది వదిలిన కాంతిని అద్దం కిందినుంచే కొంత వెనక్కి కొడుతున్నది. నీడలో ఆ కన్ను ఎలాగో నెట్టుకొస్తున్నది. ఎండలో తడబడుతున్నది. ఆ పూజ నాడు వినోద గుమ్మం దగ్గర నిలబడి, దీనివల్ల లాభమూ లేదు, నష్టమూ లేదు అనుకుంది. ఆ మాటలో సగాన్ని ఇప్పుడు సవరించుకోవాలి.

"దొరికింది గద ఇంకేంది!" మహిపాల్ లేచాడు. ముఖం తేలికపడింది. "సెన్సర్ మీద బొట్టు. రాజక్క తప్పు లేదు, యాప్ తప్పు లేదు. తుడిస్తే సాఫ్. పోదాం పా, వాళ్లకు గిదే చెప్దాం."

"బొట్టు లేకున్నా పడుతది అన్నా. కన్ను తడబడితే యాప్ చావాల్నా? చెమట పట్టినా, వాన చుక్క పడ్డా తడబడుతది."

"పడుతదేమో. పడంగ చూసినవా?"

వినోద ఆగింది. అడగవలసిన ప్రశ్నే అది. "చూడలే."

"చూడని దాన్ని చెప్పుడెందుకు? వచ్చే నెల వాళ్లు ఈ యాప్‌ను ఇంకో రెండు జిల్లాలకు ఇస్తమంటాండ్లు. లోపల కోడే పుచ్చిపోయిందని మన నోటితోని మనమే చెప్పుకుందమా? బొట్టు అబద్ధమైతే కాదు గద."

అబద్ధం కాదు. అదే కష్టం.

కారులో వెనక సీట్లో కంప్యూటరును ఒళ్లో పెట్టుకొని వినోద తన కోడును తానే పరాయిదానిలా చదివింది. మాటను కొంచెం కొంచెంగా జ్ఞాపకస్థలంలోకి నింపే పని ఒకటి. స్పీకరునుంచి చెవికి, చెవినుంచి స్పీకరుకు మార్చే పని మరొకటి. రెండూ ఒకేసారి నడుస్తాయి. మార్చేటప్పుడు పాత స్థలాన్ని ఖాళీ చేసి కొత్తది తీసుకుంటుంది. ఖాళీ చేసేముందు నింపే పనికి ఆగమని చెబుతున్నది. ఆగిందో లేదో మాత్రం చూడడం లేదు. చెప్పింది కాబట్టి ఆగి ఉంటుందనుకొని స్థలాన్ని వదిలేస్తున్నది. ఒక్కసారి మారితే ఆ లోపం బయటపడే అవకాశం దాదాపు లేదు. పదేపదే మారితే ఎప్పుడో ఒకప్పుడు బస్తా పరాయి జాగాలో పడక మానదు. దాన్ని సరిదిద్దడానికి నాలుగు వరుసలు చాలు. కానీ సరిదిద్దిన ఫోను ఇప్పుడు విచారణకు పనికిరాదు.

పక్కన రాజక్క కిటికీలోంచి బయటికి చూస్తూ, "నా నౌకరి పోయినా పోనీ బిడ్డా," అన్నది. "ఇన్నది ఇన్లేదని అబద్ధమాడిందన్న పేరు మాత్రం మోయలేను."

ట్రస్టు కార్యాలయంలో సమావేశపు గది చల్లగా ఉంది. కిటికీలకు మందపాటి తెరలు. బల్లకు అవతల ట్రస్టు కార్యదర్శి పాండురంగం, పక్కన డాక్టర్ సావిత్రి కూర్చున్నారు. ఆ జవాబు పంపిన గొంతు సావిత్రిదే.

"రాజక్కా, నువ్వు అబద్ధం చెప్తవని నేననుకోను," అన్నది సావిత్రి. "కానీ నేను చెప్పింది నువ్వు విన్నవని ఇక్కడ రాసి ఉన్నది. నేను దేన్ని నమ్మాలె?"

"రాసింది తప్పు మేడం," అన్నది వినోద. "మాట మొదలైతేనే విన్నట్టు రాసుకుంటది. మధ్యల యాప్ పడిపోయినా ఆ గుర్తు పోదు. మీరు ఆ జవాబునే మళ్ల పంపండి, చూపిస్త."

సావిత్రి పంపింది. రాజక్క నొక్కింది. ఫోను బల్ల మీద మాట్లాడడం మొదలుపెట్టింది.

జ్వరం సిరప్ ఇవ్వండి, తడిగుడ్డతో ఒళ్లు తుడవండి. వినోద రెండు చేతులూ బల్ల కింద బిగించుకుంది. మాట ఆగలేదు. కానీ పిల్లవాడు డొక్కలు ఎగరేస్తుంటే మాత్రం ఒక్క గంట కూడా ఆగొద్దు. వెంటనే బండి మాట్లాడుకొని తీసుకురండి. దారిలోనే నాకు ఫోన్ చేయండి. మాట పూర్తయింది. యాప్ తెర మీద ఆకుపచ్చ గుర్తు నిశ్చింతగా వెలుగుతున్నది.

ఆ మాటల రెండో సగాన్ని రాజక్క మొదటిసారి వింటున్నది. "గిట్ల చెప్పినవా మేడం," అన్నది. "డొక్కలెగరేసుడు నేనే చెప్పి పంపితి. దానికి జవాబే రాలేదేందా అని నేను..."

ఆమె ముఖం చూసినవాళ్లు నమ్మి ఉండవచ్చు. ముఖం సాక్ష్యం కాదని వినోదకు తెలుసు, పాండురంగానికీ తెలుసు.

"ఫోన్ మంచిగనే పలుకుతాంది గద," అన్నాడాయన.

ట్యూబులైట్ల వెలుగు. ఎండ జాడ లేని గది. వినోదకు అప్పుడు స్ఫురించింది. "బయటికి పోదాం సార్. ఎండల చూడాలె."

"ఎండకూ దీనికీ ఏం సంబంధం అమ్మా? ముహూర్తం గూడ చూడమంటవా?"

సావిత్రి అప్పటికే కుర్చీ వెనక్కి జరిపి లేచింది.

కార్యాలయం ముందు, ఆపి ఉంచిన బండ్ల నడుమ, ఎండ గచ్చు మీద తెల్లగా కాస్తున్నది. సావిత్రి తన ఫోనునుంచి జవాబు మళ్లీ పంపింది. రాజక్క గుట్ట మీద నిలబడినట్టే నిలబడి నొక్కింది.

జ్వరం సిరప్ ఇవ్వండి, తడిగుడ్డతో...

అంతే. తెర ఖాళీ అయింది. పాండురంగం ఫోనును తన చేతికి తీసుకొని యాప్ తెరిచాడు. జాబితాలో ఆ జవాబు లేదు. లోపలికి పోయి ట్రస్టు కంప్యూటర్లో చూసి వచ్చాడు. విన్నారు అనే ఉంది. ఆయనే ఇంకోసారి పంపించుకొని, తానే పట్టుకొని విన్నాడు. ఆయన చేతిలోనూ తెగింది. వినోద ఫోనుకు అదే జవాబు పంపి, అదే ఎండలో విన్నారు. చివరిదాకా పలికింది.

"సెన్సర్ మీద బొట్టు ఉన్నది సార్," అన్నాడు మహిపాల్ తొందరగా. "ఇగో, అద్దం కింద. దాన్ని తుడిస్తే అయిపోతది. యాప్‌ల ఏం లేదు."

పాండురంగం వంగి ఆ మరకను చూశాడు. "అంటే ట్రస్టు ఇచ్చిన ఫోన్‌ను కుంకుమ పూసి పాడుచేసుకున్నదన్నట్టు. గది గూడ నిర్లక్ష్యమే గదా? ప్రాణాల మీదికి తెచ్చింది గదే గదా?"

రాజక్క నోరు తెరిచి మహిపాల్‌ను చూసింది. మహిపాల్ గచ్చును చూశాడు.

"ఒక్క నిమిషం సార్," అన్నది వినోద. "ఇంకొకటి చూడాలె. ఇది నేను గూడ ఇంతవరకు చూడలే."

బొట్టు లేని తన ఫోనును గోడ నీడలోకి తీసుకుపోయింది. ఎండ లేదు, కుంకుమ లేదు. మాట మొదలుపెట్టి, తెర పైనున్న కన్ను మీద వేలిని అటూ ఇటూ వేగంగా ఆడించింది. మాట స్పీకరుకూ చెవికీ నడుమ తెగుతూ అతుకుతూ చివరిదాకా పోయింది. మహిపాల్ గట్టిగా ఊపిరి వదలడం వినిపించింది. మళ్లీ పంపమన్నది. మళ్లీ ఆడించింది. మళ్లీ చివరిదాకా పోయింది. తన ఊహే తప్పేమో. అలాగైతే బొట్టే నేరస్థురాలు, ఆ బొట్టు రాజక్కది.

"చాలు వినోదా," అన్నాడు మహిపాల్ మెల్లగా.

"ఇంకొక్కసారి మేడం."

ఈసారి వేలు నొప్పి పుట్టేదాకా ఆడించింది. బండి మాట్లాడుకొని అన్నది ఫోను. తెర ఖాళీ అయింది.

వినోద ఆ ఖాళీ తెరను సావిత్రి వైపు తిప్పింది. "బొట్టు లేని ఫోన్ మేడం. నీడల. ఇది గూడ పడింది. కన్ను తడబడితే పడుతాంది. బొట్టుతోని తడబడొచ్చు, చెమటతోని తడబడొచ్చు. తడబడ్డందుకు పడిపోవుడు నేను రాసిన కోడ్‌ల ఉన్న తప్పు. వినకముందే విన్నట్టు రాసుకునుడు గూడ నేను రాసిందే. రాజక్క చేసిన తప్పు దీంట్ల ఏదీ లేదు."

పాండురంగం ఏదో అడగబోతుండగా మహిపాల్ గొంతు సవరించుకున్నాడు. "ఆ బొట్లు గూడ ఆమె సొంతంగ పెట్టుకున్నవి కావు సార్. అందరితోని నేనే పెట్టిచ్చిన. మీరు గూడ ఉంటిరి గద ఆ నాడు, హారతి పట్టింది మీరే."

కార్యదర్శి సావిత్రి వైపు తిరిగాడు.

"రాజక్క కొలువుల ఉంటది," అన్నది సావిత్రి. "ఆమె తప్పు లేదని ఇయ్యాలనే రాసి పెడ్త. సమ్మమ్మకు నేనే వార్డుకు పోయి చెప్త." రాజక్క తల ఊపింది, చేతులు జోడించలేదు. సావిత్రి వినోద వైపు తిరిగింది. ఆమె ముఖంలో మెప్పు లేదు. "మిగతా ఫోన్లు? ఇప్పుడు ఈ ఎండల ఎవరెవరు వింటాండ్లో?"

"కోడ్ సరిచేసి రేపటికల్ల పంపుత మేడం. కానీ ఆ లోపట వాళ్లకు చెప్పాలె. యాప్‌ల చెప్పలేం. ఆ మాటను గూడ సగమే వింటరు."

"మామూలు ఫోన్ చేస్త," అన్నది రాజక్క. "అందరి నంబర్లు నా కాడ ఉన్నయి. ఈ యేళకు సంతకనో, రోడ్డుకనో వచ్చేటోళ్లే ఎక్కువ. దొరకనోళ్లకు దొరికినోళ్లతోని చెప్పిస్త."

గోడ నీడలో గచ్చు మీద చతికిలబడి, ముందుగా ఒక తోటి కార్యకర్తకు కలిపి ఫోను చెవికి ఆనించుకుంది.

"కట్టక్కా, నేను రాజక్కను. లే, నౌకరిలకెల్లి తీసెయ్యలే. ఆఁ, తర్వాత చెప్త, ముందుగాల ఇది ఇను. మేడం కాడికెల్లి జవాబు వస్తే ఎండల నిలబడి ఇనకు, నీడకు పో. చెవికాడ పెట్టకు. మధ్యల ఆగిపోయిందనుకో, అయిపోయిందనుకోకు, మేడంకే సీదా ఫోన్ కొట్టు. ఇన్నవా?"

అవతలినుంచి ఏదో సమాధానం వచ్చింది. రాజక్క తల అడ్డంగా ఊపింది.

"ఇన్న అనుడు కాదే. నేనేం జెప్పిన్నో నాకు మళ్ల చెప్పు. మొదటికెల్లి."